పట్టాలా, బస్సు దారా? మన ఊరికి ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి కొన్ని లెక్కలు

విశాఖలో ఆటో ఎక్కి "బీఆర్టీఎస్ రోడ్డు మీదుగా పోనీ" అంటే ఏ డ్రైవరూ తడుముకోడు. విజయవాడలో సత్యనారాయణపురం వైపు వెళ్తూ అదే మాట అన్నా అంతే. రెండు ఊళ్లలోనూ ఆ పేరు రోడ్డుకి అతుక్కుపోయింది. బీఆర్టీఎస్ అంటే బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్, బస్సులకే వదిలిన ప్రత్యేక దారి. అందులో 'బీ' అంటే బస్సు అన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు లేదు. సాయంత్రం ఆరు గంటలప్పుడు విశాఖలో పెందుర్తి వెళ్లే దారిలో కాసేపు నిలబడండి. బస్సు ఒక్కటే తిరగాల్సిన మధ్య వరసలో రాంగ్ రూట్‌లో వచ్చే బైకు ఉంటుంది, ఇటుకలు దించుతున్న ట్రాక్టరు ఉంటుంది, పొత్తులు కాల్చే బండి ఉంటుంది. కొత్తవలస వెళ్లే 28కె సిటీ బస్సు మాత్రం పక్క వరసలో షేర్ ఆటో వెనక హారన్ కొట్టుకుంటూ ఉంటుంది.

ఇప్పుడు విశాఖకీ విజయవాడకీ లైట్ మెట్రో అంటున్నారు. టీ కొట్టు దగ్గర వాదన రెండు ముక్కల్లో ముగిసిపోతుంది. "రైలొస్తే అన్నీ తీరతాయి" అని ఒకరు, "ఆ డబ్బుతో వెయ్యి బస్సులు కొనొచ్చు" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఏ సగం ఎక్కడ పని చేస్తుందో చూద్దాం.

ముందు పేర్ల సంగతి

లైట్ రైల్ అంటే పాత ట్రామ్‌కి కొత్త రూపం. రోడ్డు మట్టంలోనే పట్టాలు, పైన కరెంటు తీగ, ముప్పై నలభై మీటర్ల పొడవున్న బండి. దాని దారి దానికి ఉంటుంది కానీ కూడళ్ల దగ్గర మిగతా బళ్లతో పాటు రోడ్డు దాటాలి. మద్రాసులో 1895 నుంచి 1953 దాకా కరెంటు ట్రాములు తిరిగాయి. కోల్‌కతాలో అవి 1902లో మొదలయ్యాయి.

మన దగ్గర ఇప్పుడు అనుకుంటున్న లైట్ మెట్రో ఆ జాతి కాదు. అది పిల్లర్ల మీద వెళ్లే చిన్న మెట్రో. ఎవరి సిగ్నలూ దానికి అడ్డు రాదు, అందుకే ఖర్చు కూడా మెట్రో ఖర్చులాగే ఉంటుంది. ఈ రెంటికీ మధ్యలో కేంద్రం 2019లో 'మెట్రోలైట్' అని ఒక నమూనా ప్రకటించింది. గంటకి ఒక దిశలో 15,000 మంది దాకా మోసే, వీలైనంత వరకు నేల మీదే నడిచే, మామూలు మెట్రో ఖర్చులో దాదాపు 40 శాతంతో అయ్యే రైలు అది. ఆ తర్వాత రబ్బరు టైర్లతో, పైన కరెంటు తీగతో నడిచే 'మెట్రో నియో' అన్నారు. నాసిక్‌కీ వరంగల్‌కీ దాన్నే ప్రతిపాదించారు. నా దృష్టిలో అది తీగకి వేలాడే పొడుగు బస్సే, పేరులో మెట్రో ఉంది గనక గౌరవం ఎక్కువ.

బస్సు దారికీ ఇలాగే మెట్లున్నాయి. రోడ్డు మీద పసుపు గీత గీసి 'బస్సులకు మాత్రమే' అని రాస్తే అదొక మెట్టు. రెండు పక్కలా రెయిలింగ్ కట్టి, మధ్యలో స్టేషను పెట్టి, టికెట్ అక్కడే ఇచ్చి, బస్సు నేల ఎత్తులో ప్లాట్‌ఫారం వేస్తే అది పై మెట్టు. పోల్చేటప్పుడు చాలామంది మంచి రైలుని చెడ్డ బస్సుతో పోలుస్తారు, లేదా తిరగేసి మంచి బస్సుని చెడ్డ రైలుతో పోలుస్తారు. అక్కడే వాదన పక్కదారి పడుతుంది.

గంటకి ఎంతమంది?

ఏ ఊరైనా మొదట అడగాల్సింది ఇదే. రోజుకి ఎన్ని లక్షలు అన్న అంకె పేపరుకి బాగుంటుంది. బండి సైజు తేల్చేది మాత్రం ఉదయం తొమ్మిదికి, ఒక దిశలో, ఆ దారిలో బాగా కిక్కిరిసిన చోట గంటకి ఎంతమంది అన్న అంకె.

కాగితం మీద వేసి చూద్దాం. మామూలు సిటీ బస్సులో నిలబడినవాళ్లతో కలిపి 70 మంది అనుకోండి. వెస్టిబ్యూల్ బస్సులో, అంటే మధ్యలో ముడుచుకునే జోడు బస్సులో, 120. మూడు పెట్టెల లైట్ రైల్లో 300.

గంటకి 1,500 మంది వచ్చే దారిలో మామూలు బస్సులు 22 చాలు, మూడు నిమిషాల లోపే ఒకటి వస్తుంది. అదే దారిలో రైలు వేస్తే గంటకి ఐదు సరిపోతాయి, అంటే పన్నెండు నిమిషాలకొకటి. ఒక్కటి తప్పిపోతే ప్రయాణికుడు పన్నెండు నిమిషాలు నిలబడాలి. ఈలోగా షేర్ ఆటో వచ్చి "కాంప్లెక్స్, కాంప్లెక్స్" (విశాఖ ఆర్టీసీ బస్టాండు) అని అరిస్తే ఎక్కకుండా ఎవరుంటారు? జనం తక్కువున్న దారిలో పెద్ద బండి వేస్తే సగం ఖాళీగా తిరగడం ఒక్కటే కాదు నష్టం. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య విరామం పెరిగి ఉన్న జనం కూడా జారిపోతారు.

ఇప్పుడు గంటకి 6,000 మంది అనుకోండి. మామూలు బస్సులైతే 86 కావాలి, దాదాపు నలభై సెకన్లకొకటి. వెస్టిబ్యూల్‌ అయితే 50. రైళ్లయితే 20, మూడు నిమిషాలకొకటి. దారి పొడవు ఇరవై కిలోమీటర్లు, వెళ్లి రావడానికి రెండు గంటలు అనుకుంటే ఒకేసారి రోడ్డు మీద 172 బస్సులు ఉండాలి, వాటికి 172 మంది డ్రైవర్లు ఉండాలి. రైళ్లయితే నలభై. మూడు షిఫ్టులు, సెలవులు, మెకానిక్కులు అన్నీ కలిపి ముప్పై ఏళ్లకి లెక్క కట్టండి. రైలు వైపు వాదించేవాళ్లకి అసలు బలం ఇక్కడుంది. అందం, ఏసీ, పేరు ఇవన్నీ తర్వాత.

కూడలి దగ్గర తేలేది

పై లెక్కలో 86 బస్సులు చూడ్డానికి బాగానే ఉన్నాయి. సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది.

రెండు నిమిషాల సిగ్నల్ గంటకి ముప్పై సార్లు తిరుగుతుంది. 86 బస్సులు అందులోంచి వెళ్లాలంటే ప్రతి పచ్చ లైటుకీ మూడేసి బస్సులు ఒకదాని వెనక ఒకటి దాటాలి. మూడూ ఒకేసారి ముందు స్టాపుకి చేరతాయి. మొదటి దాంట్లో జనం వేలాడుతుంటారు, మూడో దాంట్లో కండక్టరు కిటికీ పక్కన కూర్చుని చిల్లర లెక్క పెట్టుకుంటుంటాడు. రోజూ సిటీ బస్సు ఎక్కేవాళ్లకి ఇది కొత్త కాదు. "అరగంట నుంచి ఒక్కటి రాలేదు, వస్తే మూడు కలిసొచ్చాయి" అన్న తిట్టు పుట్టింది ఇక్కడే.

దీనికి మందుగా చెప్పేది సిగ్నల్ ప్రాధాన్యం. బస్సో రైలో దగ్గరికి రాగానే సెన్సరు పసిగట్టి పచ్చ లైటు ఇస్తుంది. రెండు దిశల్లో కలిపి గంటకి 40 రైళ్లంటే తొంభై సెకన్లకొకటి. అడ్డంగా వచ్చే రోడ్డుని కాస్త సర్దుకుంటే ఇవ్వొచ్చు. 172 బస్సులంటే ఇరవై ఒక్క సెకన్లకొకటి. ప్రతి దానికీ పచ్చ ఇస్తే అడ్డరోడ్డు ఎప్పటికీ కదలదు. కాబట్టి ఇవ్వరు. అంటే సరిగ్గా రద్దీ పెరిగినప్పుడే బస్సు దారి ఆ సదుపాయం పోగొట్టుకుంటుంది.

కెనడా రాజధాని ఒట్టావా ఈ సంగతి అనుభవం మీద తెలుసుకుంది. అక్కడ 1983లోనే బస్సులకి ప్రత్యేక దారి వేశారు, ప్రపంచమంతా వెళ్లి చూసొచ్చింది. శివార్లలో బ్రహ్మాండంగా నడిచేది. ఆ బస్సులన్నీ ఊరి మధ్యలో రెండు మామూలు వీధుల్లోకి దిగేసరికి ఒకదాని వెనక ఒకటి గోడ కట్టినట్టు నిలబడేవి. చివరికి ఊరి కింద సొరంగం తవ్వి, పాత బస్సు దారిలో పట్టాలు వేసి 2019 సెప్టెంబర్‌లో లైట్ రైల్ నడిపారు. ఇక్కడితో ఆపితే రైలు గెలిచినట్టే. కానీ 2021లో ఆరు వారాల తేడాలో రెండుసార్లు అక్కడి రైలు పట్టాలు తప్పింది, లైను వారాల తరబడి మూతపడింది, ప్రభుత్వం విచారణ సంఘం వేయాల్సొచ్చింది. బస్సు చెడితే పక్కకి నెట్టి వెనక బస్సు ముందుకి పోతుంది. రైలు చెడితే లైనే ఆగుతుంది.

'బస్సు ఎక్కువమందిని మోయలేదు' అనే మాట కూడా పూర్తి నిజం కాదు. కొలంబియాలోని బొగోటాలో 2000 చివర్లో మొదలైన ట్రాన్స్‌మిలేనియో అనే బస్సు దారి గంటకి ఒక దిశలో నలభై వేలకి పైగా మోసింది. చాలా మెట్రోలకి ఆ అంకె లేదు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 2010లో వచ్చిన బస్సు కారిడార్ ఇరవై వేలు దాటింది. రెండు చోట్లా కిటుకు ఒకటే, ఆగిన బస్సుని దాటిపోవడానికి స్టేషన్ దగ్గర రెండో వరస. ఆ వరసకి స్థలం కావాలి. ఒక దిశకొక బస్సు వరస, స్టేషను, రెండేసి మామూలు వరసలు, రెండు పక్కలా ఫుట్‌పాత్ అన్నీ కలిపితే 28, 29 మీటర్లు. మన వంద అడుగుల రోడ్డులో బిగించి పట్టించొచ్చు. దాటిపోయే వరసలు కూడా కావాలంటే ఇంకో ఏడు మీటర్లు, అంటే నూట ఇరవై అడుగుల రోడ్డు. స్టేషన్ వచ్చిన చోటల్లా ఆ వెడల్పు ఉండాలి. మన ఊళ్లలో ఎన్ని రోడ్లు ఆక్రమణలు పోను నూట ఇరవై అడుగులు ఉంటాయో మీకే తెలుసు.

డబ్బు లెక్క

విశాఖ లైట్ మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లకి రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో ఆమోదించిన అంచనా 11,498 కోట్లు. కిలోమీటరుకి దాదాపు 249 కోట్లు. విజయవాడలో 38.4 కిలోమీటర్లకి 11,009 కోట్లు, కిలోమీటరుకి 287 దాకా. పక్క రాష్ట్రంలో హుబ్బళ్లి, ధార్వాడ మధ్య 22 కిలోమీటర్ల బీఆర్టీఎస్ కట్టారు. రోడ్డు వెడల్పు చేయడం, స్టేషన్లు, డిపోలు, బస్సులు అన్నీ కలిపి 970 కోట్ల ప్రాజెక్టు అది. కిలోమీటరుకి 44 కోట్లు. ఏళ్ల తేడాకి ధరలు పెరిగాయి గనక పక్కపక్కన పెట్టడం పూర్తిగా న్యాయం కాదు. అయినా ఒక కిలోమీటరు లైట్ మెట్రో డబ్బుతో నాలుగైదు కిలోమీటర్ల మంచి బస్సు దారి వస్తుందని ధైర్యంగా అనుకోవచ్చు.

నేల మీద వేసే లైట్ రైల్ ఈ రెంటి మధ్యలో ఉంటుంది. దానికో ప్రత్యేకమైన గండం ఉంది, అది నేల కింద ఉంటుంది. పట్టా కింద మంచినీళ్ల పైపు పగిలితే రైలు ఆపి తవ్వాలి. కాబట్టి పట్టా వేయకముందే పైపులు, డ్రైనేజీ, కేబుళ్లు అన్నీ పక్కకి మార్చాలి. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఆ పనే కొంప ముంచింది. 2008లో కట్టడం మొదలుపెట్టి 2014లో ట్రామ్ నడిపారు. అనుకున్న లైను కుదించారు, మూడేళ్లు ఆలస్యమైంది, ఖర్చు 776 మిలియన్ పౌండ్లకి చేరింది. కాగితాలు భద్రంగా దాచుకునే ఊరి కథ ఇది. మన దగ్గర ఏ పైపు ఎక్కడుందో రిటైరైపోయిన ఫిట్టర్ జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. పిల్లర్ల మీద రైలు ఖరీదెక్కువైనా మన ఇంజినీర్లు దానివైపే మొగ్గు చూపడానికి ఇదొక కారణమని నేననుకుంటాను. పిల్లర్‌కి ఒక్కచోట తవ్వితే చాలు.

పిల్లర్ల మీద రైలుకి వేరే ఖరీదు ఉంది, అది ప్రయాణికుడు కట్టేది. రోడ్డు దాటి, మెట్లో ఎస్కలేటరో ఎక్కి, బ్యాగు స్కానర్లో పెట్టి, గేటు దాటి, ఇంకో అంతస్తు ఎక్కితే గానీ ప్లాట్‌ఫారం రాదు. దిగేటప్పుడు మళ్లీ అంతా. పదిహేను కిలోమీటర్లు వెళ్లేవాడికి ఇది లెక్కలోకి రాదు. మద్దిలపాలెం నుంచి కాంప్లెక్స్‌ దాకా వెళ్లే మనిషికి మాత్రం రైల్లో మిగిలిన టైమంతా మెట్ల మీదే అయిపోతుంది. సిటీ బస్సుల్లో ఎక్కువమంది వెళ్లేది అలాంటి పొట్టి దూరాలకే.

బస్సు వైపు దాచిపెట్టే ఖర్చులు కూడా చెప్పాలి. బస్సు పన్నెండేళ్లు, రైలు పెట్టె ముప్పై ఏళ్లు. అంటే ఒక రైలు జీవితంలో రెండుసార్లు బస్సులన్నీ మళ్లీ కొనాలి. రోజూ అదే చోట బ్రేకు వేసే బస్సు కింద తారు రోడ్డు గాడి పడి, వానకి గుంటవుతుంది. కాబట్టి స్టేషన్ల దగ్గరైనా సిమెంటు రోడ్డు వేయాలి. ఆ ఖర్చు మిగుల్చుకుందామని తారుతో సరిపెడితే రెండో వానాకాలానికి బస్సుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య జానెడు తేడా వచ్చేస్తుంది.

ఆ దారి ఎవరిది?

నా మట్టుకు నాకు అసలు ప్రశ్న ఇది. సాంకేతికంగా బస్సు చాలా ఊళ్లకి సరిపోతుంది. సరిపోనిది రాజకీయంగా.

ఢిల్లీలో 2008లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సు కారిడార్ మొదలైంది. పక్క వరసల్లో ఇరుక్కున్న కార్లవాళ్లకి మధ్యలో ఖాళీగా కనిపించే వరస కంట్లో నలుసైంది. నిజానికి అది ఖాళీ కాదు. నిమిషానికొక బస్సు వెళ్తే కంటికి ఖాళీగానే కనిపిస్తుంది, అందులో డెబ్బై మంది వెళ్లిపోయారన్నది కనిపించదు. హైకోర్టుకెళ్లారు, 2012లో కోర్టు కారిడార్‌ని తీసేయమనలేదు. 2015లో ప్రభుత్వమే ఎత్తేయాలని నిర్ణయించింది, తర్వాతి ఏడాది పగలగొట్టారు. భోపాల్‌లో 2024లో తీసేశారు. ఇందోర్‌లో హైకోర్టు అనుమతితో 2025లో తీసే పని మొదలైంది. ఒక్కో చోట ఒక్కో లోపం ఉంది. ఢిల్లీలో సిగ్నళ్ల అమరిక నిజంగానే ఘోరం. అయినా అన్నిచోట్లా చివర్లో జరిగింది ఒకటే, జేసీబీ వచ్చి రెయిలింగ్ పీకేసింది.

అహ్మదాబాద్‌లో 2009లో పన్నెండున్నర కిలోమీటర్లతో మొదలైన జనమార్గ్ అనే బస్సు దారి నిలబడింది. ఎందుకు నిలబడిందో చూడండి. మొదలుపెట్టింది వెడల్పు రోడ్ల మీద, కార్ల గొడవ తక్కువున్న చోట. స్టేషన్లు రోడ్డు మధ్యలో, టికెట్టు లోపలే, ప్లాట్‌ఫారం బస్సు ఎత్తులో. జనం అలవాటు పడ్డాకే ఇరుకు రోడ్లలోకి వచ్చారు. ఢిల్లీలో మొదటి రోజే బాగా రద్దీ ఉన్న రోడ్డు మీద పెట్టారు.

ఇక్కడే రైలుకి ఉన్న బలం అర్థమవుతుంది. పట్టా ఉన్న దారిలోంచి పట్టా పీకడానికి ఏ కమిషనరూ ఒక్క సంతకంతో సాహసించడు. పెట్టుబడి పెట్టేవాడికీ, స్టేషన్ పక్కన ఫ్లాటు కొనేవాడికీ ఆ నమ్మకం కావాలి. బస్సు దారిని ఎత్తేయడానికి ఒక బారికేడ్ పక్కకి జరిపితే చాలు, అది కూడా రాత్రికి రాత్రి. నాలుగైదు రెట్లు ఎక్కువ పోసి మనం కొంటున్నదాంట్లో ఒక భాగం వేగం, ఇంకో భాగం మన మీద మనకి లేని నమ్మకం. ఎప్పటికైనా ఆ వరసని మనమే కార్లకి ఇచ్చేస్తామని తెలిసి ముందుగానే పైకి ఎత్తేస్తున్నాం.

పట్టా ఉంటే చాలదన్నది కూడా నిజమే. కోల్‌కతా ట్రామ్ చాలా వీధుల్లో కార్లతో కలిసి నడిచింది, పట్టా మీద పార్క్ చేసిన టాక్సీ తీసేదాకా గంట కొట్టుకుంటూ నిలబడేది. 2024లో ఒక్క మైదాన్ వైపు ముక్క తప్ప మిగతావి ఆపేస్తామని ప్రకటించారు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన మెల్‌బోర్న్ ట్రామ్ వ్యవస్థ దాదాపు 250 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం కార్లతో రోడ్డు పంచుకునేదే, సగటు వేగం గంటకి 16 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. అక్కడున్న మనవాళ్లని అడగండి, ఊరి మధ్యలో నాలుగు స్టాపులకి నడకే నయమంటారు.

ఎక్కడ స్థలం దొరికితే అక్కడ వేసినా లాభం లేదు. డాలస్‌లో 1996 నుంచి పెంచుకుంటూ పోయిన లైట్ రైల్ ఇప్పుడు 150 కిలోమీటర్లు. అమెరికాలోని బాగా పొడవైన లైట్ రైల్ వ్యవస్థల్లో అదొకటి. ప్లేనో, ఇర్వింగ్‌లలో వేలమంది తెలుగువాళ్లున్నారు, వాళ్లలో రోజూ ఆ రైలెక్కేవాళ్లు ఎంతమందో మీ చుట్టాల్ని అడిగి చూడండి. చాలాచోట్ల పాత గూడ్సు లైన్ల వెంట వేశారు, స్టేషన్ దిగితే కార్ల పార్కింగు, అక్కణ్నుంచి ఇల్లు మూడు మైళ్లు.

తలుపు దగ్గర సెకన్లు

ఒక చిన్న విషయం, దీని మీద ఎవరూ మాట్లాడరు. మన సిటీ బస్సు స్టాపులో ఆగాక ఏం జరుగుతుందో చూడండి. వెనక తలుపు దగ్గర దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఒకరినొకరు తోసుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మొదటి మెట్టు మీద కాలు పెట్టి, రాడ్డు పట్టుకుని, సంచీ లోపలికి అందించి, రెండో కాలు ఎత్తేసరికి వెనక ఉన్నవాళ్లు పదిమంది ఆగుతారు. లోపల కండక్టరు "రైట్ రైట్" అనడానికి ముందు ఇంకో ఇద్దరికి టికెట్ కొట్టాలి. ఇరవై స్టాపుల్లో ఇలా అరనిమిషం చొప్పున పోతే పది నిమిషాలు. ట్రాఫిక్‌ని తిట్టుకుంటాం గానీ ఆ పది నిమిషాలు పోయింది తలుపు దగ్గర.

బ్రెజిల్‌లోని కురిటిబాలో జైమె లెర్నర్ అనే ఆర్కిటెక్టు మేయరుగా ఉన్నప్పుడు 1974లో బస్సులకి ప్రత్యేక దారులు వేశారు. 1991లో గాజు గొట్టాల్లాంటి స్టాపులు పెట్టారు. గొట్టం మొదట్లోనే డబ్బు కట్టేసి లోపలికి వెళ్తారు. గొట్టం నేలా బస్సు నేలా ఒకే ఎత్తు. బస్సు ఆగగానే తలుపులకి బిగించిన పలకలు వంతెనలా గొట్టం మీద వాలతాయి, అన్ని తలుపుల్లోంచీ ఒకేసారి జనం నడిచి వెళ్లిపోతారు. రైల్లో మనకి నచ్చేది చాలావరకు ఇదే. ఇది రైలు సొత్తు కాదు, బస్సుకీ పెట్టొచ్చు. ప్రత్యేక దారికి స్థలం లేని ఊరు కూడా ఇదొక్కటి చేసుకోవచ్చు.

ఉచిత టికెట్, మారే బస్సు

తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లు ఆర్టీసీ మామూలు సిటీ బస్సులో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. రైలు నివేదికల్లో జనం లెక్క కట్టేటప్పుడు ఈ సంగతి ఏ మేరకు కలుపుతున్నారో తప్పకుండా అడగాలి. కూర్మన్నపాలెం నుంచి రోజూ ఉచితంగా వచ్చే అమ్మాయి పది నిమిషాలు ముందు చేరడానికి నెలకి వెయ్యి, రెండు వేలు పెడుతుందా? కొందరు పెడతారు, అందరూ పెట్టరు. బస్సు దారి వేస్తే ఆ వేగం ఆ ఉచిత బస్సుకే వస్తుంది.

రెండోది కొమ్మల సంగతి. బస్సు ప్రత్యేక దారిలో పది కిలోమీటర్లు వచ్చి, పక్క సందులోకి తిరిగి, కాలనీ చివరి దాకా వెళ్లగలదు. గ్వాంగ్‌ఝౌలో చేసింది అదే, ముప్పైకి పైగా రూట్లు కారిడార్లోకి వస్తూ పోతూ ఉంటాయి. రైలు అలా తిరగదు, దిగి ఇంకోటి ఎక్కాలి. నెత్తి మీద ఎండ, చేతిలో పిల్లాడు, స్టేషన్ కింద ఆటోవాడు చెప్పే రేటు, ఇవన్నీ కలిస్తేనే మారడం అంటే ఏమిటో తెలుస్తుంది. హైదరాబాద్ మెట్రో 69 కిలోమీటర్లున్నా ఇంటి దగ్గర్నుంచి స్టేషన్ దాకా ఎలా అన్న ప్రశ్న ఇంకా వదల్లేదు.

మరి ఏది ఎక్కడ?

రద్దీ వేళ గంటకి రెండు వేల లోపు ఉన్న దారికి రైలు మాట ఎత్తొద్దు, బస్సు దారి కూడా అక్కర్లేదు. ఎలక్ట్రిక్ బస్సులు, టికెట్ ముందే ఇచ్చే స్టాపులు, కూడళ్ల దగ్గర వంద మీటర్ల బస్సు వరస చాలు. రెండు నుంచి ఆరేడు వేల దాకా నేను కళ్లు మూసుకుని బస్సు దారి అంటాను, రోడ్డు వంద అడుగులుంటే. పది వేలు దాటుతుందని నమ్మకంగా తెలిస్తే, ఊరు ఒకే గీత వెంట పొడుగ్గా పెరిగి ఉంటే, రైలు. మధ్యలో ఉన్నవాటికి రోడ్డు వెడల్పే తేలుస్తుంది. ఘాట్ రోడ్డు ఉంటే బస్సు వైపు ఇంకో మార్కు వేయండి, ఇనుప చక్రానికి ఎత్తు పడదు.

విశాఖకి వస్తే, స్టీల్ ప్లాంటు నుంచి గాజువాక, ఎన్‌ఏడీ కూడలి, మద్దిలపాలెం మీదుగా కొమ్మాది దాకా వేసిన 34.4 కిలోమీటర్ల గీత నాకు రైలు గీతలాగే కనిపిస్తుంది. కొండకీ సముద్రానికీ మధ్య ఊరు హైవే వెంటే సాగింది, జనానికి ఇంకో దారి లేదు. హైవే మీద నేల వరస తీసుకోవడం అయ్యే పని కాదు గనక పిల్లర్లు తప్పవు. గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు దాకా ఐదు కిలోమీటర్లు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు దాకా 6.75 కిలోమీటర్లు మాత్రం నన్ను ఒప్పించలేదు. అంత పొట్టి లైనుకి మెట్లెక్కి దిగే టైము ప్రయాణాన్ని మింగేస్తుంది. అక్కడ చిన్న ఎలక్ట్రిక్ బస్సులు, ఐదు నిమిషాలకొకటి. పెందుర్తి వైపు ఆ చర్చే అక్కర్లేదు. దారి ఎప్పుడో వేసి ఉంది, పేరు కూడా పెట్టుకున్నాం.

రైలు వచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఈలోగా చేయగలిగింది ఒకటుంది, దానికి టెండరు కూడా అక్కర్లేదు. పెందుర్తి నుంచి ఎన్‌ఏడీ దాకా మధ్య వరసకి ఉదయం ఎనిమిది నుంచి పది దాకా ప్లాస్టిక్ కోన్లు పెట్టి, ఒక్కో కూడలికి ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టి, ఒక నెల బస్సులనే వదలండి. పొత్తుల బండి సాయంత్రమే వస్తుంది గనక దానికి ఇబ్బంది లేదు. 28కె ఎన్ని నిమిషాలు ముందు కాంప్లెక్స్ చేరిందో రోజూ ఎక్కేవాళ్లే చెప్తారు.